ఠాణాకు, ఆసుపత్రికి, ఇంటికి నడుమ

మీ ఇంటిలోనో, మీ వీధిలోనో, మీ బంధువర్గములోనో ఇట్టి మనిషి ఒకడు ఉన్నాడనుకొనుడు. ఏడాదికి రెండు మూడు పర్యాయములు అతడు ఠాణా మెట్లెక్కుచుండును. ఒకమారు బస్టాండు దగ్గరి టీకొట్టు అద్దము పగులగొట్టినందులకు, ఇంకొకమారు పొరుగువాని సైకిలు తీసికొనిపోయి ఎక్కడనో వదలివచ్చినందులకు, వేరొకమారు ఎవరో తన్ను చంపవచ్చుచున్నారని అర్ధరాత్రి కట్టె పట్టుకొని వీధిలో నిలిచినందులకు. ప్రతి పర్యాయమును తల్లి ఏడ్చుచు పరుగెత్తును, అన్న అప్పు చేసి జామీను ఏర్పాటు చేయును, పెద్దమనుషులు నాలుగు మాటలు చెప్పి పంపుదురు. మూడు నెలలు గడచునో లేదో, మరల అదే ఠాణా, అదే బల్ల, అవే ప్రశ్నలు. మనిషి మారలేదు, రోగము మారలేదు. మరి ప్రతిసారియు కథ మొదటి అక్షరము నుండి ఏల మొదలగుచున్నది?

ఆ ప్రశ్న వేసికొని వేసికొని అలసినవారి కొరకు ఈ అధ్యాయము. మీరు అతని అన్న కావచ్చును, మేనమామ కావచ్చును, ఊరి ఉపాధ్యాయుడు కావచ్చును, ఆశా కార్యకర్త కావచ్చును, ఏ చుట్టరికమును లేకయే జాలిపడి ముందుకు వచ్చిన పొరుగువారును కావచ్చును. మీరు వైద్యము చదివియుండనక్కరలేదు, న్యాయవాది కానక్కరలేదు. ఓపికయు, ఒక నోటుపుస్తకమును, నాలుగు కచేరీల గుమ్మములలో నిలుచుండి మర్యాదగా అడుగగల నోరును ఉన్నచో చాలును.

ఇంతకును మన ప్రాంతమున సేవలు లేవా? బొత్తిగా లేవనుట న్యాయము కాదు. ఆలూరులో ఠాణా ఉన్నది, కోర్టు ఉన్నది, తహశీల్దారు కచేరి ఉన్నది, ప్రభుత్వాసుపత్రి ఉన్నది. ఊరూర సచివాలయమును ఆశా కార్యకర్తయు ఉన్నారు. కర్నూలు సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగమున్నది. సరిహద్దు దాటినచో బళ్లారిలో పెద్దాసుపత్రి ఉన్నది. అయినను, తుంగభద్ర దిగువ కాలువకు నీరు వదలిరని పత్రికలో చదివి సంతోషించిన చివరి ఆయకట్టు రైతు తన చేను తడియకపోవుట చూచి నిట్టూర్చినట్లు, ఈ సేవలన్నియు తలగట్టున నిండుగానే బయలుదేరి, ఒక కచేరి నుండి ఇంకొక కచేరికి చేతులు మారుచోట గండ్లు పడి ఇంకిపోవుచున్నవి. పోలీసులకు వైద్యుని చీటీ సంగతి తెలియదు. వైద్యునికి కోర్టు వాయిదా తేది తెలియదు. కోర్టుకు ఆ ఇంటిలో తిండి లేదని తెలియదు. సచివాలయమునకు మనిషి జైలులో ఉన్నాడనియే తెలియదు. గట్టు వెంబడి నడచుచు ఏ తూము దగ్గర నీరు కారిపోవుచున్నదో చూచు లష్కరు ఒకడు ఇచ్చట కావలెను. ఆ లష్కరు మీరే కావలెనని నేను కోరుచున్నాను.

ఇది మన నేలకు కొత్త సంగతియు కాదు. ఆలూరు, ఆదోని తాలూకాలు 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడువరకు బళ్లారి జిల్లాలోనివే. ఆ బళ్లారి జిల్లాలోనే 1980వ దశకమున బెంగళూరు నిమ్హాన్స్ సంస్థవారు ఒక ప్రయత్నము చేసిరి: ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలోని సామాన్య వైద్యులకును ఆరోగ్య కార్యకర్తలకును మానసిక రోగములను గుర్తించుట, కొద్దిపాటి మందులతో చికిత్స చేయుట నేర్పి, రోగి పెద్ద ఆసుపత్రికి పోనక్కర లేకుండ అతని ఊరి దగ్గరనే వైద్యము నడిపించిరి. 1996లో దేశస్థాయిలో ప్రారంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు మాదిరి ఆ బళ్లారి ప్రయత్నమే. తొలివిడత జిల్లాలలో నాటి ఆంధ్రప్రదేశములోని మెదకు ఒకటి. కనుక చిన్న ఊరిలో, చిన్నవాండ్ర చేతులతో ఈ పని కాదనువారికి మన పొరుగూరి చరిత్రయే సమాధానము.

ఇక పనిలోనికి వత్తము.

1. మొట్టమొదట ఒక పుస్తకము పెట్టుడు

ఠాణాలో తరచుగా జరుగు సంభాషణ ఎట్లుండునో తలచుకొనుడు.

"సారూ, మావోడు దొంగ కాదు సారూ. మాత్రలు మింగకపోతే ఇట్లయితాడు. నెల దినాల నుంచి మింగల్యా."

"యాడ చూపిచ్చినావమ్మా? చీటీ ఏదీ?"

"ఇంట్లో యాడో పడిపాయ సారూ."

ఆ తల్లి మాటలో అసత్యము లేశమైనను లేదు. కాని చీటీ లేని సత్యము ఠాణాలో నిలువదు. రాత్రిపూట విధిలోనున్న హెడ్ కానిస్టేబులు మంచివాడే అయినను, చేతిలో కాగితము లేనప్పుడు అతడు చేయగలిగినది మిక్కిలి స్వల్పము. కావున నూరుపుటల నోటుపుస్తకమొకటి కొని, మొదటి పుటలో రోగి పేరు, వయస్సు, రోగము పేరు వైద్యుడు వ్రాసిన రీతిగానే, ప్రస్తుతము వాడు మందుల పేర్లు, మోతాదు, చికిత్స జరుగుచున్న ఆసుపత్రి పేరు, ఓపీ సంఖ్య వ్రాయుడు. రెండవ పుటలో కేసుల వివరము: ఏ ఠాణా, కేసు సంఖ్య, ఏ సెక్షను, తరువాతి వాయిదా ఎన్నడు, న్యాయవాది ఎవరు. మూడవ పుట నుండి దినచర్య వలె తేది వేసి ఒకటి రెండు పంక్తులు: "నిద్ర లేదు", "మాత్రలు ఉమిసినాడు", "కర్నూలు పోయి వచ్చినాము", "ఎస్సైగారితో మాటలాడినాము". చీటీలన్నిటిని జెరాక్సు తీయించి ఒక ప్లాస్టికు సంచిలో పెట్టి ఆ పుస్తకముతోనే ఉంచుడు. ఫోనులో ఫోటోలు తీసికొన్న మేలే గాని, ఫోను పోవచ్చును, ఛార్జింగు అయిపోవచ్చును, కాగితమునే నమ్ముడు.

ఈ పుస్తకమును ఆరునెలలు నిలబెట్టి నడిపినచో మీకు ఒక సంగతి కంటబడును. కేసు నమోదైన తేదికి ముందు రెండు మూడు వారముల పుటలు తిరుగవేయుడు. చాలవరకు అక్కడ నిద్రలేమి కనబడును, మందు మానుట కనబడును, ఇంటిలో ఏదో కలత కనబడును. నేరము ఆ దినమున జరిగినదే గాని, దానికి దారి పడినది అంతకు ముందే. ఆ దారి ఏదో తెలిసినవారికి ఈ అధ్యాయములో సగము పని తీరినట్లే.

2. అతనిని అడుగకుండ అతని కొరకు ఏమియు చేయకుడు

మనము మంచి ఉద్దేశముతో చేయుచున్నాము గదా, వానిని అడుగుటేమిటని పెక్కుమంది తలంతురు. ఇది మొదటి పొరపాటు. మనసు కుదుటబడియున్న రోజులలో అతనితో కూర్చుండి, "నీకు బాగలేనప్పుడు నీ తరపున ఎవరు మాట్లాడాల?" అని అడుగుడు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము ప్రతి వయోజన వ్యక్తియు తనకు ప్రతినిధిగా ఒకరిని తెల్లకాగితము మీద వ్రాసి సంతకము చేసి నియమించుకొనవచ్చును. ఆ కాగితము మీ పేర ఉన్నచో వైద్యుడు మీతో మాటలాడుటకు జంకడు. తన రోగ వివరములు రహస్యముగా ఉండుట కూడ అతనికి అదే చట్టము ఇచ్చిన హక్కు. ఊరి వాట్సాప్ గ్రూపులో అతని ఫోటో పెట్టి "జాగ్రత్త" అని వ్రాయుట సహాయము కాదు, వెలివేత.

3. గొడవ జరుగక ముందే ఠాణాకు పొండు

మనము ఠాణాకు పోవునది ఎప్పుడు? మనిషిని పట్టుకొనిపోయిన తరువాత. అప్పటికి అధికారి చిరాకులో ఉండును, ఫిర్యాదుదారు కేకలు వేయుచుండును, మీరు బెదరియుందురు. దానికి బదులు ప్రశాంతమైన యొక దినము చూచుకొని ఎస్సైగారిని కలిసి, పుస్తకములోని మొదటి పుట జెరాక్సు ఇచ్చి, "సార్, ఈయనకు కర్నూలులో వైద్యం జరుగుతాంది. ఏమన్నా జరిగితే మొదట నాకు ఫోన్ చేయండి, నేను ఆసుపత్రికి పిల్చుకపోతా" అని చెప్పుడు. మీరు అధికారిని దయ కోరుటలేదు. అతని పనిని తగ్గించుచున్నారు. ఈ మాట అతనికి అర్థమగునట్లు చెప్పగలిగితిరా, కార్యము సగము జయమే. అమెరికాలోని మయామీ ప్రాంతమున లెక్క తీసి చూడగా, తీవ్రమైన మానసిక రోగము గల 97 మందే ఐదేండ్లలో ఇంచుమించు 2,200 పర్యాయములు అరెస్టయినట్లు తేలినది. ఆ 97 మందికి వైద్యమును నివాసమును సమకూర్చుట అన్నిమార్లు పట్టుకొని విడుచుటకంటె చౌక అని అక్కడి న్యాయమూర్తియే వాదించెను. మన ఠాణాలోను అట్టివారు వందలు ఉండరు. ఇద్దరో ముగ్గురో ఉందురు, వారి పేర్లు కానిస్టేబుళ్లందరికిని కంఠస్థమే.

చట్టము ఏమనుచున్నదో మీరును తెలిసికొనియుండుడు. మానసిక రోగముతో దిక్కులేక తిరుగుచున్నవానిని, లేదా తనకు గాని పరులకు గాని ప్రమాదము కలిగించు స్థితిలో నున్నవానిని ఠాణా అధికారి రక్షణలోనికి తీసికొనినప్పుడు, 24 గంటలలోపల సమీప ప్రభుత్వాసుపత్రికి పరీక్ష నిమిత్తము చేర్పవలెను. ఏ పరిస్థితిలోను లాకప్పులో గాని జైలులో గాని ఉంచరాదు. అది ఆ 2017 నాటి చట్టములోని నూరవ సెక్షను. నేరము మోపబడి అరెస్టయినవాని సంగతి వేరు. అతనికి ఈ రక్షణ అట్లే వర్తింపదు. ఈ భేదము తెలియక ఠాణాలో సెక్షను పేరు చెప్పి వాదమునకు దిగువారు పని చెరుపుకొందురు.

మన ప్రాంతమునకే చెందిన యొక జాగ్రత్త ఉన్నది. దసరా సమీపించి కట్టెలతో పోరు సాగు దేవరగట్టు బన్ని ఉత్సవము దగ్గరపడగానే పోలీసులు పాత జాబితాలు తీసి, గొడవకు దిగుదురని తోచినవారిని తహశీల్దారు ఎదుట బైండోవరు చేయుట కలదు. ఆ జాబితాలో మీ మనిషి పేరు కూడ ఉండవచ్చును. జామీను పత్రము వ్రాసి ఇయ్యలేనివానికి, లేదా దాని నియమములు ఉల్లంఘించినవానికి జైలు ప్రాప్తించును. కనుక పండుగకు ముందే వైద్యపత్రములతో తహశీల్దారును కూడ ఒకమారు కలియుడు; ఆ రాత్రి అతడు గట్టు దగ్గర ఉండకుండ చూచు భారము మాత్రము మీదే.

4. ఒక్క వైద్యుడు, ఒక్క చీటీ

ఆలూరు వారికి కర్నూలు దూరము, బళ్లారి చేరువ. అందుచేత ఒక నెల బళ్లారి, ఇంకొక నెల ఆదోని, కేసు పడినప్పుడు కర్నూలు, నడుమ ఎవరో చెప్పిరని గుంతకల్లు. ఫలితమేమి? నాలుగు చీటీలు, నాలుగు రకముల మాత్రలు, ఒక వైద్యుడు తగ్గించిన మందును ఇంకొకడు పెంచుట. ఏ ఆసుపత్రియైనను సరే, ఒకదానిని ఎన్నుకొని ఏడాదిపాటు అచ్చటనే చూపించుడు. కేసులు కర్నూలు జిల్లాలో ఉన్నవారికి కర్నూలు పెద్దాసుపత్రియే మేలని నా అభిప్రాయము. కోర్టు నివేదిక అడిగినను, సదరం (వైకల్య నిర్ధారణ) పరీక్షకు పిలిచినను పాత రికార్డు ఒకేచోట ఉండును. ప్రతినెల అంత దూరము పోలేనివారు ఏ మందులు స్థానిక ఆసుపత్రిలో దొరకునో వైద్యునినే అడిగి, ఆ చీటీని ఇచ్చటి వైద్యాధికారికి చూపించి నెలనెలా తీసికొనుట మంచిది.

మాత్రలు చెంపలో దాచి ఉమియువానితో రోజూ పోరాడకుడు. పక్షమునకో నెలకో ఒకమారు ఇచ్చు సూదిమందు కొన్ని రోగములకు ఉన్నది; అది ఇతనికి తగునా యని వైద్యుని అడుగుడు.

ఇక సుగ్గి సంగతి. మిరపకోతల కాలమున ఇంటిల్లిపాదియు గుంటూరు వైపు పోవుదురు. ముసలితల్లియు రోగియు ఇంట మిగులుదురు. లేదా రోగిని కూడ వెంటబెట్టుకొనిపోవుదురు. రెండును చిక్కే. ఇంట మిగిలినచో మాత్రలు చేతికిచ్చువారు లేరు. వెంటపోయినచో అక్కడి ఎండలో, కొత్తచోట, నిద్రలేమిలో రోగము తిరుగబెట్టును. బండి ఎక్కుటకు ముందు రెండు నెలల మందులు సంపాదించి, ఊరిలో ఉండువానికైనచో ఎవరి చేతిమీదుగా మాత్ర వేయింపవలెనో పేరు నిర్ణయించి వ్రాసిపెట్టుడు. లిథియం మాత్ర వాడువారు ఎండకాలమున నీరు తక్కువ త్రాగిరా, ఆ మందు ఒంటిలో మితిమీరి విషమగు ప్రమాదము కలదు: చేతులు వణకుట, వాంతులు, తూలుట కనబడినచో మందు ఆపి వెంటనే ఆసుపత్రికి చేర్చుడు.

5. కోర్టులో మాటలాడవలసిన వేళ మౌనము వహింపకుడు

"డాక్టరు సర్టిఫికెట్టు ఉంటే కేసు కొట్టేస్తారంట గదా?" ఈ మాట మన ఊళ్లలో ఎంతమంది నమ్ముదురో! అది నిజము కాదు. నేరము చేసిన క్షణమున తానేమి చేయుచున్నాడో, అది తప్పో కాదో తెలిసికొనలేని స్థితిలో ఉండెనని ఋజువైనప్పుడే భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షను రక్షణ కల్పించును. తరువాత తెచ్చిన సర్టిఫికెట్టుకంటె, ముందునుండి నడచుచున్న చికిత్స కాగితములకే అక్కడ విలువ. మీ నోటుపుస్తకము ఇప్పుడు అక్కరకు వచ్చును.

దానికంటె ఎక్కువమందికి ఉపయోగపడు మార్గము ఇంకొకటి ఉన్నది. విచారణను అర్థము చేసికొని తన్ను తాను సమర్థించుకొనలేని స్థితిలో నిందితుడు ఉన్నాడని తేలినప్పుడు, అతనిని ఆసుపత్రిలోనే ఉంచవలసిన అవసరము లేనిచో, ఒక బంధువో మిత్రుడో సమీప ఆసుపత్రిలో క్రమముగా చికిత్స చేయింతుననియు, అతడు తనకు గాని ఇతరులకు గాని హాని చేయకుండ చూతుననియు పూచీపడినచో బెయిలు మీద విడుదల చేయవలెనని నాగరిక్ సురక్షా సంహిత 369వ సెక్షను చెప్పుచున్నది. ఆ మిత్రుడు ఎవరు? మీరే. కాని ఊరక సంతకము పెట్టకుడు. పూచీ నిలుపుకొనలేని మిత్రునికంటె మిత్రుడు లేకుండుటయే మేలు.

న్యాయవాదికి డబ్బు లేదందురా? కస్టడీలో ఉన్నవారికిని మానసిక రోగులకును ఉచిత న్యాయసహాయము హక్కు. మండల న్యాయ సేవా కమిటీని గాని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను గాని ఆశ్రయింపుడు. చిన్న దొంగతనముల విషయమున ఒక సూక్ష్మము కలదు: ఐదువేల రూపాయల లోపు సొత్తు, మొదటిసారి శిక్ష, సొత్తు తిరిగి ఇచ్చుట, ఈ మూడును కలిసినప్పుడు జైలుకు బదులు సమాజ సేవ శిక్షగా విధింపవలెనని 2024 జూలై 1 నుండి అమలులోనున్న కొత్త చట్టము. మొదటిసారి అను మాటను గమనించితిరా? మూడవ కేసుకు మేల్కొనువారికి ఈ తలుపు మూసికొనిపోవచ్చును.

అడుగువారు లేనివాని గతి ఏమగునో అస్సాములో మచల్ లాలుంగు చరిత్ర చూచిన తెలియును. 1951లో అరెస్టయి, మానసిక చికిత్సాలయమునకు పంపబడి, 1967లో స్వస్థుడని వైద్యులు చెప్పిన తరువాత ఇంటికి గాక జైలుకు చేర్పబడి, విచారణయే లేకుండ 2005 వరకు నిర్బంధములో ఉండెను. 54 ఏండ్లు! ఎవరి క్రౌర్యమును అందులో కనబడదు. అతని వాయిదా తేది వ్రాసికొన్న మనిషి ఒక్కడును లేడు, అంతే.

6. విడుదల దినము: అన్నిటికంటె ప్రమాదకరమైన దినము

ఈ మాట చెప్పినప్పుడు వినువారు ఆశ్చర్యపడుదురు. విడుదల సంతోషము గదా! నిజమే. కాని ఆనాటి సాయంకాలము ఎట్లుండునో ఊహింపుడు. కడప కేంద్ర కారాగారము నుండి గాని, కర్నూలు జిల్లా జైలు నుండి గాని ఒక మనిషి బయటికి వచ్చినాడు. చేతిలో చిన్న సంచి. జైలులో రోజూ వార్డరు ఎదుట మింగిన మాత్ర రేపు లేదు. జేబులో ఉన్న డబ్బు బస్సు చార్జీకి చాలునో చాలదో. బస్టాండులో పాత స్నేహితుడు ఎదురగును. బెల్టుషాపు దగ్గరనే ఉన్నది. ఇంటికి పోయినచో తలుపు తీయుదురో లేదో తెలియదు. పదిదినములలో మరల ఠాణాకు వచ్చినాడన్నచో తప్పు ఎవరిది?

కనుక విడుదలకు పక్షము ముందే ఈ పనులు మొదలుపెట్టుడు. తేది ఎన్నడో న్యాయవాది ద్వారా రూఢి చేసికొనుడు. జైలు వైద్యుని కలిసి, లేదా జైలరుకు అర్జీ వ్రాసి, లోపల జరిగిన చికిత్స వివరముల చీటీయు, కనీసము రెండు వారముల మందులును ఇచ్చి పంపవలసినదిగా కోరుడు. అడుగనిదే ఎవరును ఇయ్యరు. అడిగినచో తరచుగా ఇత్తురు. విడుదలైన వారములోపల మానసిక వైద్యుని ఎదుట కూర్చుండబెట్టుటకు ఓపీ దినము ఏదో ముందే తెలిసికొనుడు. ఆ దినమున జైలు గుమ్మము దగ్గర మీరు గాని, మీరు నమ్మినవారు గాని తప్పక నిలుచుండవలెను. దారిలో అన్నము పెట్టించుడు. ఉపన్యాసము ఇయ్యకుడు. "ఇంకనన్నా బుద్ధిగా ఉండు" అను మాట అతడు లోపల వేయి పర్యాయములు విని వచ్చినాడు.

ఇంటివారితోను ముందే మాటలాడుడు. తల్లి తలుపు తీయును, వదినెకు భయముగా ఉండును. ఆమె భయమును కొట్టిపారవేయకుడు, ఆమె పిల్లలు ఆ ఇంటిలోనే ఉన్నారు. మొదటి నెల అతడు ఎక్కడ పండుకొనవలెను, గొడ్డళ్లు కొడవళ్లు ఎక్కడ దాచవలెను, రాత్రి ఎవరిని పిలువవలెను అనునవి అందరును కలిసి నిర్ణయించుకొన్న తరువాతనే అతనిని గడప ఎక్కింపుడు. అద్దము పగిలిన టీకొట్టు యజమానిని కూడ ఒకమారు కలిసి, వీలైనచో నష్టము చెల్లించి, క్షమాపణ అడుగుడు. అతడును నష్టపోయినవాడే, మన జాలి అంతయు రోగి మీదనే ఖర్చుచేసి అతనిని మరచుట న్యాయమా?

7. పొట్టకు కూడు, చేతులకు పని

వైద్యుని చీటీతో కడుపు నిండదు. మానసిక రోగము 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో గుర్తింపబడిన వైకల్యమే. సచివాలయములో సదరం స్లాటు తీసికొని, పరీక్షలో నలుబది శాతమో అంతకు మించియో వైకల్యము తేలినచో ఎన్టీఆర్ భరోసా పింఛనుకు అర్జీ పెట్టవచ్చును. వికలాంగుల పింఛను 2024 నుండి నెలకు 6,000 రూపాయలు. ఆధారు, రేషను కార్డు ముందు సరిచూచుకొనుడు. జైలుకు పోయివచ్చినవారి కాగితములు ఎక్కడో ఒకచోట చిక్కుబడియుండును. పింఛను సొమ్ము ఎవరి చేతిలో ఉండవలెనను సంగతి కూడ అతనితోనే మాటలాడి తేల్చుకొనుడు.

కుదుటబడినవానికి పని అవసరము. కరువు పని (ఉపాధి పని) జట్టులో తెలిసిన మేస్త్రి దగ్గర చేర్చుట మంచిది. ఉదయముననే మొదలై ఎండ ముదరకముందే ముగియును, చుట్టును నలుగురు మనుషులుందురు. రాత్రి కాపలా పని మాత్రము వద్దు. నిద్ర చెడును, నిద్రతో పాటు తక్కినదంతయు చెడును.

8. సారా సంగతి

త్రాగుడు వేరు, మానసిక రోగము వేరు అని విడదీయుట కాగితము మీద సులభము. మన ఊళ్లలో రెండును ఒకే మనిషిలో కాపురముండును. ఒకటి మాత్రము గట్టిగా గుర్తుంచుకొనుడు. రోజూ త్రాగువానిని పట్టుకొని లాకప్పులో ఉంచినప్పుడు రెండవ మూడవ దినములలో చేతులు వణకుట, చెమటలు, గోడ మీద పురుగులు ప్రాకుచున్నవనుట, మూర్ఛ వచ్చుట కనబడినచో అది నటన కాదు. ప్రాణముల మీదికి వచ్చు స్థితి. వెంటనే ఆసుపత్రికి తరలింపుమని అధికారిని వ్రాతమూలముగా కోరుడు. ఇంటిలోనైనను పాతకాలపు త్రాగుబోతును "రేపటినుండి చుక్క ముట్టకు" అని ఒక్కసారిగా మాన్పింపబోకుడు. వైద్యుని పర్యవేక్షణలోనే అది జరుగవలెను.

9. భ్రమలో పలుకు మాటలకు జవాబెట్లు?

"వాళ్లు వచ్చినారన్నా, గోడెనక ఉండారు" అని అతడు వణకుచు చెప్పినప్పుడు మీరేమందురు? "యాడుండారు రా, పిచ్చోడా" అన్నచో అతడు మిమ్ములను కూడ శత్రువుల జాబితాలో చేర్చును. "అవును, ఉండారు" అన్నచో రోగమును పోషించినవారగుదురు. "నాకు కనపడల్యా గానీ, నువ్వు బయపడ్డావని తెలుస్తాంది. రా, లోపల కూసుందాం" అనుడు. మెల్లగా మాటలాడుడు, ఒక్కరే మాటలాడుడు, చేతులు కనబడునట్లు ఉంచుడు, గది గుమ్మమునకు అడ్డముగా నిలువకుడు. చేతిలో ఆయుధమున్నచో ధైర్యము ప్రదర్శింపకుడు. పిల్లలను తప్పించి 112కు ఫోను చేయుడు.

తరచుగా జరుగు పొరపాట్లు

గొలుసు. ఇంకను కొన్ని ఇండ్లలో రోగిని మంచమునకో స్తంభమునకో కట్టివేయుదురు. చట్టము గొలుసును ఏ రూపముననైనను నిషేధించినది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులనుంచిన యొక గృహమునకు నిప్పంటుకొన్నప్పుడు గొలుసులతో కట్టివేయబడిన 28 మంది పారిపోలేక కాలిపోయిరి. దర్గాకు పోవుట, గుడికి పోవుట, దేవునికి మ్రొక్కుకొనుట మీ ఇష్టము, నేనడ్డు చెప్పను. మాత్ర వేసికొని పొండు, గొలుసు విప్పి పొండు.

దెబ్బ. పెద్దమనుషుల పంచాయితీని నేను తక్కువ చేయను. మన సీమలో అది ఎన్నో నెత్తురు కథలను ఆపినది. కాని పంచాయితీలో రెండు చెంపదెబ్బలు కొట్టి పంపినచో మతి కుదురునను నమ్మకము వట్టి భ్రమ.

అందరును ఒక్కటే అనుకొనుట. మానసిక రోగులలో అధికసంఖ్యాకులు ఏ నేరమును చేయరు. ఇతరులచేత దెబ్బలు తినువారే ఎక్కువ. అట్లే, రోగి చేసిన ప్రతి తప్పును రోగము వలననే జరిగినదనుట కూడ సరికాదు. మందు సక్రమముగా వేసికొనుచు తెలిసి తెలిసి దొంగిలించినవానికి ఆ మాట నిష్కర్షగా చెప్పవలసినదే. రోగమును సాకుగా వాడుకొననిచ్చుట అతనికి మేలు చేయుట కాదు.

చివరిదియు, మీవంటి మంచివారికి ఎక్కువగా తగులుకొనునదియు: అంతయు ఒక్కరే మోయుట. ఏడాది తిరుగునప్పటికి మీరు అలసిపోవుదురు, మీ ఇంటిలో కలహములు పుట్టును, ఒకనాడు ఫోను ఎత్తుట మానివేయుదురు. అప్పుడు పుస్తకము ఎవరి చేతికి పోవలెను? మొదటి నెలలోనే రెండవ మనిషిని వెదకుకొనుడు. ఆశా కార్యకర్తకో, సచివాలయములోని మహిళా పోలీసుకో, పారా లీగల్ వాలంటీరుకో పుస్తకము ఎక్కడ ఉన్నదో చెప్పియుంచుడు. నెలకొకమారు, సంత దినముననే కానిండు, అర్ధగంట కూర్చుండి తరువాతి వాయిదా, తరువాతి మందు తేది చదివికొనుడు. ఇంతకుమించిన సమన్వయ సంఘము మన ఊరికి అక్కరలేదు.

ఇప్పుడు పుస్తకము అట్టలోపలి వైపున నాలుగు సంఖ్యలు పెద్ద అక్షరములతో వ్రాయుడు: మానసిక సహాయమునకు రాత్రింబగళ్లు తెలుగులోనే మాటలాడు టెలీమానస్ 14416, అంబులెన్సు 108, పోలీసు 112, ఉచిత న్యాయసహాయము 15100. రేపు ఠాణాకు బయలుదేరునప్పుడు మొదటి పుటకు రెండు జెరాక్సులు తీయించుకొని పొండు. ఒకటి ఎస్సైగారికి, ఇంకొకటి కోర్టు సంచిలోనికి.